ఏ.సి. ఆగిపోయిన ఆరు రోజులు

ఎండాకాలంలో ఇంట్లో ఏ.సి. పాడైతే అదో పెద్ద విశేషమా, దాని మీద ఇంత వ్యాసం ఎందుకు అనుకుంటారేమో! మొన్నమొన్నటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని. కాని 2024 ఏప్రిల్ ఆఖరున మా ఇంట్లో జరిగిన సంగతి తర్వాత, మన పత్రిక చదివే నాలుగిళ్ళ వాళ్ళకైనా చెప్పాలనిపించింది. ఆ రోజుల్లో మేము చేసిన తప్పు చూడడానికి చాలా చిన్నది. దానివల్ల మా అత్తమ్మకు ప్రాణం మీదికి వచ్చింది.

మాది సోలాపూరు. తరాల క్రితం మగ్గం పని కోసం తెలంగాణ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. మా ఊరి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 43 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. అదీ పొడి ఎండ. ఆరేసిన చీర అరగంటలో అప్పడంలా తయారవుతుంది.

అత్తమ్మకు 81 ఏళ్ళు. బి.పి. ఉంది, రోజూ మాత్రలు వేసుకుంటారు. అందుకే 2017లో ఏ.సి. కొన్నప్పుడు ఆవిడ గదిలోనే పెట్టించాం. మొదట్లో "ఎందుకు బిడ్డా ఈ డబ్బా!" అన్నారు. తర్వాత ఆవిడకూ అలవాటైంది. మాకైతే మరీను. మధ్యాహ్నం భోజనాలవగానే ఇంటిల్లిపాదీ ఆ గదిలోకే చేరేవాళ్ళం.

ఆ ఏడు ఒక శుక్రవారం రాత్రి ఏ.సి. చల్లగాలి ఇవ్వడం మానేసింది. లోపల గాలి తిరుగుతోంది, బయట పెట్టె మాత్రం తిరగడం లేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "ఈ ఎండల్లో ఊరంతా ఇదే గోల, గురువారం దాకా రాలేను" అన్నాడు. మరో ఇద్దరిని అడిగాం. వాళ్ళూ అదే మాట.

సరే, అటక మీద పాత కూలరు ఉంది కదా అని దింపాం. మావారు దుమ్ము దులిపారు. మా అబ్బాయి కొత్త గడ్డి మెత్తలు తెచ్చి బిగించాడు. కూలరును అత్తమ్మ మంచం పక్కనే పెట్టి, తలుపులు, కిటికీలు బిగించి, తెరలు వేసి, స్విచ్ వేశాం. ఏడేళ్ళుగా ఏ.సి. వేసినప్పుడు చేస్తున్న పనే అది. చేతులకు అదే అలవాటు!

మొదటి అరగంట హాయిగానే ఉంది. తర్వాత దుప్పటి తడితడిగా అయింది. గోడకు చెయ్యి ఆనిస్తే జిగట. అత్తమ్మ మంచం మీంచే అన్నారు:

"కిడికీ తెరువుండ్రి బిడ్డా. గాలికి తొవ్వ లేకపోతే నీళ్ళేం చేస్తయి?"

"బయట నిప్పులు కురుస్తున్నయి నాయనమ్మా! తెరిస్తే ఉన్న చల్లదనం గూడ పోతది" అన్నాడు మా అబ్బాయి. నేనూ వాడినే సమర్థించాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

మిల్లు భోంగా

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది. మేము ముందు గదిలో తలుపు వారగా తీసుకుని నడుం వాల్చాం. అత్తమ్మ నిద్రపోతున్నారు కదా అని ఆ గది తలుపు అలాగే మూసి ఉంచాం. మూడు గంటలకు మంచినీళ్ళు ఇద్దామని వెళ్తే, ఆవిడ నా వైపు చూసి "భోంగా అయిందా? డబ్బా కట్టినవా?" అని అడిగారు.

భోంగా అంటే మిల్లు కూత. మా ఊళ్ళో మిల్లులు నడిచిన రోజుల్లో ఊరంతా ఆ కూతకే లేచేది, ఆ కూతకే పనికి పోయేది. ఆ మిల్లులు మూతపడి ఏళ్ళు గడిచాయి. డబ్బా కట్టవలసిన మామయ్యగారు పోయి పదిహేనేళ్ళు దాటింది. కలగన్నారేమో అనుకుని నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. థర్మామీటరు పెడితే 104 చూపించింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మావారు 108కి ఫోన్ చేస్తుంటే, నేను ఎదురింటి నర్సమ్మను కేకేశాను. ఆవిడ వస్తూనే "ముందు ఈ కిటికీలు తియ్యండి!" అంది. అత్తమ్మను అందరం కలిసి ముందు గదిలోకి తెచ్చాం. పలచటి నూలు చీర ఒకటి తడిపి ఒంటిమీద కప్పి, అట్టలతో, విసనకర్రలతో విసిరాం. చీర వెచ్చబడగానే మళ్ళీ తడపడం, మళ్ళీ విసరడం. నేను నీళ్ళు తాగించబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయట.

ఆస్పత్రిలో రెండు రోజులున్నారు. "వడదెబ్బే. ఇంట్లోనే తడిపి, విసురుతూ తెచ్చారు కాబట్టి సరిపోయింది" అన్నాడు డాక్టరు. "ఎండలోకి అడుగే పెట్టలేదు కదా డాక్టరుగారూ!" అన్నాను నేను. "ఎండ తగలాల్సిన పని లేదమ్మా. ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే చాలు" అన్నాడాయన.

అత్తమ్మ మంచం మీంచి చెప్పిన మాటే అది!

నూలుకు తేమ, మనిషికి గాలి

మంగళవారం అత్తమ్మ ఇంటికి వచ్చారు. ఏ.సి. ఇంకా అలాగే ఉంది. ఈసారి ఇల్లంతా ఆవిడ చెప్పినట్టే నడిచింది.

మొదటి పని, కూలరును గది మధ్యనుంచి తీసి కిటికీకి పెట్టడం. వీపు బయటికి, ముఖం లోపలికి. ఎదుటి వైపు తలుపు బెత్తెడు తీసి ఉంచడం. బయటి పొడి గాలి తడి మెత్తల గుండా చల్లబడి లోపలికి రావాలి, వచ్చిన గాలి తేమతో సహా అటువైపు నుంచి వెళ్ళిపోవాలి. ఏ.సి. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, అందుకని గది మూయాలి. కూలరుకు ఎప్పటికప్పుడు కొత్త గాలి కావాలి, అందుకని తెరవాలి. రెండూ చల్లబరిచే యంత్రాలే, నడిపే తీరు మాత్రం పూర్తిగా వేరు. మేము ఏ.సి. అలవాటును కూలరుకు అంటగట్టాం.

"ఇది నీకెట్ల తెలుసు నాయనమ్మా?" అని మా అబ్బాయి అడిగాడు. ఆవిడ నవ్వారు. "మగ్గం గదిల నూలు తెగుతదని నేల మీద నీళ్ళు చల్లి, కిడికీలు మూస్తుంటిమి. తేమ బయటికి పోవద్దని. నూలుకు తేమ కావాలె, మనిషికి గాలి కావాలె. మీరు నన్ను నూలు లెక్క చూసుకున్నరు!"

ఇంత పెద్ద గండం గడిచాక కూడా నవ్వించగలిగారు చూడండి, అదీ ఆవిడ గుండె.

నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ, చెమట ఆరితే ఒళ్ళు చల్లబడేదీ అందుకే. ఆ శక్తి ఎంతో తెలుసా? ఏ.సి.ల విషయంలో ఒక టన్ను అంటే, ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని తీసే శక్తి. ఒక టన్ను ఏ.సి. గంటలో తీసే వేడిని సుమారు 5 లీటర్ల నీరు ఆవిరై తీయగలదు. అయితే ఆ నీరు ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. మూసిన గదిలో గాలి తేమతో నిండిపోయాక కూలరు నీళ్ళూ ఆవిరి కావు, ఒంటిమీది చెమటా ఆవిరి కాదు. మా అత్తమ్మకు జరిగింది అదే.

చెన్నైలో పనిచేయని చిట్కా

ఈ సంగతంతా ఫోనులో విని, చెన్నైలో ఉన్న మా అమ్మాయి తన ఇంట్లో కిటికీలకు తడి దుప్పట్లు కట్టింది. వాళ్ళ ఏ.సి. కూడా అప్పుడే మొరాయించిందట. రాత్రికి ఫోన్ చేసి "అమ్మా, ఇల్లు ఆవిరి కుడుములా అయింది!" అని గొల్లుమంది.

మనకు తెలుగులో ఎండ అనే మాట వేరు, ఉక్క అనే మాట వేరు. ఊరికే వేరు కాలేదు. సోలాపూరు, బళ్ళారి, నాగపూరు వైపు వేసవి చాలావరకు ఎండ. చెన్నై, యానాం, బరంపురం వైపు సముద్రపు గాలి తేమ వల్ల చాలా రోజులు ఉక్క. గాలి 42 డిగ్రీలుండి తేమ 20 శాతం ఉంటే, మంచి కూలరు ఆ గాలిని 30 డిగ్రీల లోపుకు దించగలదు. అదే 35 డిగ్రీలుండి తేమ 65 శాతం ఉంటే, నాలుగైదు డిగ్రీలు దించడమే గగనం. పైగా ఉన్న ఉక్కకు ఇంకా తేమ కలిపినట్టవుతుంది.

మీ ఇంట్లో ఏ రోజు ఏదో తెలుసుకోవడానికి మావారు ఒక చిన్న పరీక్ష చేసి చూపించారు. గోడకు తగిలించే మామూలు గాజు థర్మామీటరు తీసుకుని అంకె రాసుకోండి. తర్వాత దాని బుడ్డికి తడి నూలుగుడ్డ పేలిక చుట్టి, ఫ్యాను గాలిలో పది నిమిషాలు పట్టండి. అంకె పది డిగ్రీలు, అంతకంటే ఎక్కువ దిగితే నీళ్ళు మీకు మిత్రులు. తడి తెరలు, వట్టివేళ్ళ తడికలు, కూలరు అన్నీ పనిచేస్తాయి. నాలుగైదు డిగ్రీలే దిగితే ఇంటిని తడపకండి. గాలి ఆడనివ్వండి, ఎండ లోపల పడకుండా చూడండి, తడి చేసుకునేదేదో ఒంటికి చేసుకుని ఫ్యాను కింద కూర్చోండి. మా అమ్మాయి చివరికి దుప్పట్లు తీసేసి, రెండు వైపుల కిటికీలు తెరిచి, పూటపూటకూ స్నానం చేస్తూ గడిపింది.

తెరిచే వేళ, మూసే వేళ

మా అత్తమ్మ నడిపిన దినచర్య పెద్ద రహస్యమేమీ కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకే ఇంటి కిటికీలన్నీ తెరిపించేవారు. ఎనిమిదయ్యేసరికి కూలరున్న గది తప్ప మిగతా గదులన్నీ మూసెయ్యడం. పడమటి కిటికీకి లోపలి తెర చాలదని, బయట వెదురు తడిక కట్టించారు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర వేసి లాభం లేదు, వేడి అప్పటికే ఇంట్లో ఉన్నట్టే.

పొయ్యి పని ఎనిమిదిలోపే. ఇక్కడ మా సోలాపూరు కడక్ రొట్టె ఆదుకుంది. జొన్నపిండితో పలచగా చేసి కరకరలాడేట్టు ఆరబెట్టిన ఈ రొట్టెలు రోజుల తరబడి నిలవుంటాయి. పల్లీల కారం, పెరుగు ఉంటే మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పనే లేదు. వేడి చేసే వస్తువు ఏదైనా, మిక్సీ కానివ్వండి, ఇస్త్రీ పెట్టె కానివ్వండి, పొద్దున్నే పని ముగించాలి. ఫ్రిజ్జు తలుపు తీసి దాని ముందు నిలబడితే చల్లగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. ఫ్రిజ్జు లోపలి వేడిని వెనకనుంచి గదిలోకే వదులుతుంది. తలుపు తెరిచి ఉంచితే గది ఇంకా వేడెక్కుతుంది.

సాయంత్రం ఆరు కాగానే తలుపులు బార్లా తీయడం మనందరి అలవాటు. అత్తమ్మ ఒప్పుకోలేదు. బయటి గాలి లోపలి గాలికంటే చల్లబడ్డాకే తెరవాలి. మా ఇంట్లో అది రాత్రి ఎనిమిది దాటాకే జరిగింది. అప్పుడు ఒక టేబులు ఫ్యానును కిటికీలో బయటికి ముఖం పెట్టి వేశాం. ఇంట్లో పేరుకున్న వేడిగాలి బయటికి, రెండో వైపునుంచి చల్లగాలి లోపలికి. పడకలు కింది అంతస్తులోకి మార్చాం. సిమెంటు కప్పు పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. దాని కింద సీలింగు ఫ్యాను వేస్తే ఆ వేడినే మన మీదికి తోస్తుంది. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒంటికి వేడి పెంచుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరిస్తోంది.

పాత ఇల్లు తిరిగి రాదు, సున్నం ఉంది

మా పాత ఇల్లు మట్టి మిద్దె. కర్రదూలాల మీద మూరెడు మందాన మట్టి పరిచిన కప్పు, లావుపాటి రాతిగోడలు. పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దుగూకేది. ఆ ఇల్లు పోయిందని బాధపడే వాళ్ళుంటారు. నేను మాత్రం ఆ మాట అనలేను. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి దగ్గర వచ్చిన భూకంపంలో వేలమంది చనిపోయారు. వాళ్ళలో ఎంతోమంది మీద కూలినవి అలాంటి బరువైన రాతిగోడలూ, మట్టికప్పులే. ఆ కుదుపు మాకూ తెలిసింది. ఆ తర్వాతే మామయ్యగారు మిద్దె విప్పించి స్లాబు వేయించారు. అందులో తప్పేమీ లేదు.

మరి స్లాబు కింద ఉంటున్నవాళ్ళం ఏం చేయాలి? కప్పుకు తెల్లరంగు. బుధవారం తెల్లవారుజామున మా అబ్బాయి, వాడి స్నేహితుడు కలిసి డాబా ఊడ్చి రెండు చేతులు చిక్కగా సున్నం కొట్టారు. తెల్లని కప్పు ఎండను వెనక్కి తిప్పి కొడుతుంది. ఇది ఇంటి చిట్కాగానే మిగిలిపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ళ కప్పుల చల్లదనం కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. 2010 మే నెల వడగాడ్పుల్లో ఎంతోమందిని పోగొట్టుకున్న అహ్మదాబాదు నగరం 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. తర్వాత అక్కడా పేదల ఇళ్ళ కప్పులకు తెల్లరంగు వేయించారు. డాబా మీద బిందెలకొద్దీ నీళ్ళు పోసే పద్ధతి నేను చెప్పను. మా ఊళ్ళో కొళాయి నీళ్ళ విలువ మాకు తెలుసు.

ముందు మనిషిని చూడండి

ఇల్లు ఎంత చల్లబరిచినా, చూడవలసింది గోడ మీది అంకెను కాదు, మంచం మీది మనిషిని. పెద్ద వయసులో దాహం తెలియదు, చెమట తక్కువ పడుతుంది, "వేడిగా ఉంది" అని అడగడానికి మొహమాటం. అత్తమ్మ ఆ రెండు రోజులూ లేచి బాత్‌రూముకు పోవలసి వస్తుందని నీళ్ళు తక్కువ తాగారట. ఆవిడ వేసుకునే బి.పి. మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. అలాంటి మాత్రలు వాడేవాళ్ళు వేసవికి ముందే డాక్టరును అడిగి ఉంచుకోవడం మంచిది. సొంతంగా మానెయ్యకూడదు.

గంట గంటకూ పలకరించండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్ళు కాలుతున్నా కలవరింతలే అనుకోకండి, నాలాగా నవ్వకండి. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. నీరసం మాత్రమే ఉండి, స్పృహ బాగున్నవాళ్ళకు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించవచ్చు. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి. బి.పి., షుగరు ఉన్నవాళ్ళకయితే డాక్టరు మాట ముఖ్యం.

గురువారం మెకానిక్ వచ్చాడు. బయటి పెట్టెలో కెపాసిటర్ అనే చిన్న డబ్బా పోయిందట. పది నిమిషాల్లో మార్చి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆరు రోజుల రామాయణానికి పది నిమిషాల పట్టాభిషేకం!

ఏ.సి. ఇప్పుడూ ఉంది. ఎండ ముదిరిన రోజున వేస్తాం, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని కూలరు మళ్ళీ అటకెక్కలేదు. కిటికీ బయట ఇనుప స్టాండు చేయించి అక్కడే బిగించాం. తెల్లవారుజామున నాలుగున్నరకు అత్తమ్మ గదిలోంచి "బిడ్డా, కిడికీ!" అని కేక వినిపిస్తుంది. మిల్లు కూత ఆగిపోయినా మా ఇంట్లో ఈ భోంగా మాత్రం మోగుతూనే ఉంది. ఆ కేక వినిపించినంత కాలం మా ఇంటికి ఏ లోటూ లేదు.

అన్నట్టు, యానాంలో, బరంపురంలో, బళ్ళారిలో, హోసూరులో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎండాకాలం ఎలా గడిపేవారు? ఉక్కకు ఏం చేసేవారు? వచ్చే వేసవి సంచికకు రాసి పంపండి. మా అత్తమ్మ చదివించుకుని వింటానంటున్నారు. తప్పులుంటే దిద్దుతారట కూడా!